పిలుపు రాగానే బయలుదేరే వైద్యులు: దక్షిణ బస్తర్ అనుభవం

భూకంపం, కలరా, యుద్ధం, వలస. వీటిలో ఏది ముంచుకొచ్చినా పిలుపందిన ఒకటి రెండు రోజుల్లో పరాయి దేశానికి బయలుదేరడానికి ముందే ఒప్పుకుని, పేరు నమోదు చేయించుకున్న ఆరోగ్య సిబ్బంది ప్రపంచమంతటా ఉన్నారు. వీళ్లలో డాక్టర్లు, నర్సులే కాదు. ల్యాబ్ టెక్నీషియన్లు, వ్యాధి ఎక్కడ పుట్టి ఎటు పాకుతోందో లెక్కగట్టే ఎపిడెమియాలజిస్టులు, మంచినీళ్లూ మరుగుదొడ్లూ చూసే ఇంజినీర్లు, మందుల పెట్టెలను విమానాశ్రయం నుంచి గుడారం దాకా చేర్చే లాజిస్టిక్స్ వాళ్లు కూడా ఉంటారు. మామూలు రోజుల్లో చాలామంది సొంత ఊళ్లో ఆసుపత్రిలోనో కాలేజీలోనో ఉద్యోగం చేసుకుంటారు. తమ వంతు వచ్చిన వారాల్లో మాత్రం సంచి సర్దుకుని, ఫోన్ దగ్గర పెట్టుకుని ఉంటారు.

ఈ పని అనగానే హైతీ, కాంగో, సిరియా పేర్లే గుర్తుకొస్తాయి. కానీ విదేశీ వైద్య బృందాలు ఏళ్ల తరబడి పనిచేసిన చోట్లలో మన దక్షిణ బస్తర్ ఒకటి. ఛత్తీస్‌గఢ్‌లోని దంతేవాడ జిల్లాలో, బైలదిల్లా కొండల పాదాన ఉన్న బచేలి తెలుగువాళ్లకు కొత్త ఊరు కాదు. ఇక్కడి ఇనుప ఖనిజం కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం మీదుగా విశాఖ రేవుకు చేరుతుంది. ఆ పట్టాల వెంటే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి కుటుంబాలు వచ్చి ఎన్‌ఎండీసీ గనుల చుట్టూ స్థిరపడ్డాయి. కిరండూల్‌లో 1968లో, బచేలిలో 1977లో తవ్వకాలు మొదలయ్యాయి. బచేలిలో ఎన్‌ఎండీసీ అపోలో సెంట్రల్ హాస్పిటల్ ఉంది. ఆపరేషన్ థియేటరు, అంబులెన్సులు, స్పెషలిస్టు డాక్టర్లు ఉన్నారు. కొండకు అవతలి వైపు, బీజాపూర్ జిల్లా అడవిలో, జ్వరం వచ్చిన పిల్లవాణ్ని మంచం మీద పడుకోబెట్టి ఇద్దరు మోసుకుంటూ గంటల కొద్దీ నడవాల్సిన పల్లెలు ఉండేవి. విదేశీ బృందాలు వచ్చింది ఆ పల్లెల కోసం.

2005 జూన్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ ఉద్యమం మొదలయ్యాక పరిస్థితి అదుపు తప్పింది. మావోయిస్టులకూ, జుడుంకూ, భద్రతా బలగాలకూ మధ్య నలిగిన ఆదివాసులు ఊళ్లు వదిలేశారు. కొందరిని రోడ్డు పక్కన శిబిరాలకు తరలించారు, కొందరు అడవి లోపలికి వెళ్లిపోయారు. మరెందరో గోదావరి వైపు, అప్పటి ఖమ్మం జిల్లాలోకి దాటి వచ్చారు. అలా వచ్చినవాళ్లు 30 వేల నుంచి 50 వేల దాకా ఉంటారని అంచనాలు వెలువడ్డాయి. తెలుగు నేలపై గుత్తికోయలుగా పిలిచేది వీళ్లనే. రేషన్ కార్డు లేదు, అంగన్‌వాడీ లేదు, నర్సు ఆ గుడిసెల వైపు వచ్చే ఏర్పాటూ లేదు. సుప్రీంకోర్టు 2011 జూలై 5న సల్వాజుడుం చెల్లదని తీర్పు చెప్పింది. ఊళ్లు మాత్రం ఆ తీర్పుతో వెంటనే నిండలేదు.

ఎంఎస్‌ఎఫ్ అనే పేరుతో తెలిసిన డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ 2006లో ఈ ప్రాంతానికి వచ్చింది. నైజీరియాలో బయాఫ్రా యుద్ధాన్ని కళ్లారా చూసిన ఫ్రెంచి డాక్టర్లు, కొందరు పాత్రికేయులతో కలిసి 1971 డిసెంబరులో పారిస్‌లో స్థాపించిన సంస్థ ఇది. 1999లో నోబెల్ శాంతి బహుమతి అందుకుంది. బీజాపూర్, దంతేవాడ వైపు పల్లెల్లోనూ, భద్రాచలం చుట్టుపక్కల వలస గుడిసెల్లోనూ సంచార వైద్య శిబిరాలు నడిపింది. రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ కూడా బీజాపూర్ జిల్లా కుట్రులో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తోడ్పడి, 2013లో అక్కడి పని ముగించింది.

పిలుపు వెనుక పెద్ద యంత్రాంగమే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో ఏర్పరచిన గోర్న్ అనే నెట్‌వర్క్, ఏ దేశంలో అంటువ్యాధి చెలరేగినా సభ్య సంస్థల నుంచి నిపుణులను కోరుతుంది. బ్రిటన్, అమెరికా ప్రభుత్వాలకు సొంత సత్వర బృందాలున్నాయి. ఎంఎస్‌ఎఫ్‌లో అత్యవసరాలకే కేటాయించిన అనుభవజ్ఞుల జట్టు వేరుగా ఉంటుంది. ఎవరిని పంపాలన్నా సాధారణంగా ఆపదలో ఉన్న దేశం ఒప్పుకోవాలి. పిలవని చోటికి వెళ్లడం ఈ వృత్తిలో సేవ అనిపించుకోదు.

పేరు నమోదైన మనిషి చాలా పనులు ముందే ముగించుకోవాలి. పాస్‌పోర్టు గడువు చూసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నాక పది రోజులు గడిస్తేగానీ ఆ ధ్రువపత్రం చెల్లదు. కాబట్టి పిలుపు వచ్చాక వేయించుకుందామంటే కుదరదు. హెపటైటిస్ బి, టైఫాయిడ్, రేబిస్ టీకాలు, మలేరియా రాకుండా వేసుకునే మాత్రలు, శరీర దారుఢ్య పరీక్ష, భద్రతా శిక్షణ అన్నీ కావాలి. అన్నిటికన్నా కష్టమైనది ఇంటి ఒప్పందం. రేపు ఉదయం విమానం అంటే పిల్లలను ఎవరు చూస్తారు, పనిచేసే ఆసుపత్రిలో డ్యూటీ ఎవరు అందుకుంటారు అన్నది ముందే తేలి ఉండాలి.

దిగిన తర్వాత మొదటి పని సాధారణంగా వైద్యం కాదు, లెక్క. ఎంతమంది జనం ఉన్నారు, ఎందుకు చనిపోతున్నారు, నీళ్లు ఎక్కణ్నుంచి తెచ్చుకుంటున్నారు అని తెలుసుకోవాలి. పదివేల మందిలో రోజుకు ఒకరికి మించి చనిపోతుంటే దాన్ని అత్యవసర పరిస్థితిగా లెక్కిస్తారు. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలన్నవి అందరూ పాటించే కొలతలు. ఆరు నెలలు దాటి ఐదేళ్లలోపు పిల్లల మోచేతి పైభాగానికి రంగుల పట్టీ చుట్టి చూస్తారు. చుట్టుకొలత 115 మిల్లీమీటర్లకు తక్కువైతే ఆ బిడ్డ తీవ్ర పోషకాహార లోపంతో ఉన్నట్టు. గుడారాలు కిక్కిరిసిన చోట తట్టు టీకాకు మొదటి స్థానం. తట్టు శిబిరాల్లో పిల్లలను ఎంత వేగంగా పొట్టనబెట్టుకుంటుందో చూసినవాళ్లు ఈ వరుసను ప్రశ్నించరు.

బస్తర్‌లో విపత్తు భూకంపంలా ఒక్క రోజులో రాలేదు. అందువల్ల ఇక్కడి పనికి వేరే స్వభావం ఏర్పడింది. బృందం తెల్లవారుజామునే జీపులో బయలుదేరుతుంది. రోడ్డు తవ్వేసిన చోటో, చెట్లు నరికి అడ్డం వేసిన చోటో వాహనం ఆగిపోతుంది. అక్కణ్నుంచి మందుల పెట్టెలు భుజాన వేసుకుని నడకే. చెట్టు కింద టార్పాలిన్ పరిచి, ఒక పక్క పేర్లు రాసుకోవడం, ఒక పక్క జ్వర పరీక్ష, మరో పక్క గర్భిణులను చూడటం. చీకటి పడకముందే తిరిగి రావాలి. వానాకాలంలో ఇంద్రావతి పొంగితే అవతలి పల్లెలకు దారే ఉండదు. జ్వరాలు ఎక్కువయ్యేదీ ఆ నెలల్లోనే.

రోగాల్లో పెద్దది మలేరియా. బస్తర్ అడవుల్లో ఫాల్సిపేరం రకం ఎక్కువ. మెదడుకు ఎక్కితే రెండు మూడు రోజుల్లో ప్రాణం తీస్తుంది. వేలి కొస నుంచి రక్తపు చుక్క తీసి కిట్ మీద వేస్తే 15, 20 నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. ఆర్టిమిసినిన్ కలిసిన మందుల కోర్సు మూడు రోజులు. మాత్రలు ఇవ్వడం తేలిక, మూడో రోజు మాత్ర రోగి మింగేలా చూడటం కష్టం. రెండో రోజుకే జ్వరం తగ్గుతుంది, మిగిలినవి దాచుకుంటారు. దీనికి తోడు క్షయ, నిమోనియా, విరేచనాలు, చర్మవ్యాధులు. రక్తహీనత ఉన్న గర్భిణికి మలేరియా వస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పే. గోండు సమాజంలో సికిల్ సెల్ కూడా ఉండటం వల్ల రక్తం తక్కువగా ఉన్న ప్రతి మనిషికీ ఒకే కారణం వెతకడం పొరపాటవుతుంది. కొత్తగా వచ్చిన విదేశీ డాక్టరుకు ఇది పుస్తకంలో తెలిసి ఉండొచ్చు, చూపులో పట్టుబడటానికి మాత్రం సమయం పడుతుంది.

అసలు పరీక్ష మాట దగ్గర వస్తుంది. ఫ్రాన్స్ నుంచో బెల్జియం నుంచో వచ్చిన డాక్టరు ఇంగ్లిష్‌లో అడిగిన ప్రశ్నను ఒకరు హిందీలోకి మారిస్తే, మరొకరు దాన్ని గోండీలో రోగికి చెబుతారు. జగదల్‌పూర్ వైపు హల్బీ, కుంట వైపు దోర్లా, భద్రాచలం చేరేసరికి కోయ, తెలుగు. కడుపునొప్పి ఎన్నాళ్లుగా అని అడిగితే ఆ ప్రశ్న ఇన్ని నోళ్లు దాటి వెళ్లి, జవాబు అన్ని నోళ్లూ దాటి తిరిగి రావాలి. మధ్యలో ఉన్న మనిషి తొందరపడి ఒక మాట వదిలేస్తే మందే మారిపోవచ్చు. అందుకే ఇక్కడ రెండు మూడు భాషలు వచ్చిన స్థానిక యువతీ యువకులు బృందానికి ప్రాణం. ఎంఎస్‌ఎఫ్ సిబ్బందిలో ప్రపంచవ్యాప్తంగా పదిలో ఎనిమిది తొమ్మిది మంది ఆయా దేశాలవాళ్లే. ఫొటోల్లో ముందు కనిపించేది విదేశీ డాక్టరు. ఊరి పెద్దతో మాట్లాడి శిబిరం పెట్టనిచ్చేది, ఊరి నాటువైద్యుడైన వడ్డె దగ్గర ఉన్న రోగిని ఒప్పించి తీసుకొచ్చేది ఆ ఊరి పక్క ఊరి మనిషి. ఈ వృత్తి గురించి రాసేవాళ్లు ఈ సంగతి తరచూ మరచిపోతారు.

ఇలాంటి చోట తటస్థత కూడా ఒక పనిముట్టే. వాహనంలో తుపాకీ ఎక్కనివ్వరు, గాయపడిన మనిషిని ఏ పక్షమని అడగరు. 1949 నాటి జెనీవా ఒప్పందాల ఉమ్మడి మూడో అధికరణం అంతర్గత పోరులో సైతం గాయపడినవాళ్లనూ రోగులనూ చేరదీసి చికిత్స చేయాలంటుంది. రాసుకోవడానికి తేలికైన మాట. అమల్లో పోలీసులు ఒక రకంగా, అడవిలోనివాళ్లు మరో రకంగా అనుమానిస్తారు. బృందం ఎప్పుడు, ఏ దారిన, ఎందుకు వెళుతోందో అందరికీ ముందే చెప్పి, చెప్పినట్టే వెళ్లి రావడం ఒక్కటే దీనికి మార్గం. ఒక్కసారి మాట తప్పితే ఆ దారి మూసుకుపోయినట్టే.

బయటివాళ్ల సాయం ఎప్పుడూ మేలే చేస్తుందనుకోవడం తప్పని హైతీ చూపింది. 2010 జనవరి 12 భూకంపం తర్వాత లెక్కలేనన్ని బృందాలు అక్కడ దిగాయి. కొన్నింటికి సరైన పరికరాలు లేవు, రోగుల వివరాలు రాసిపెట్టలేదు. కాళ్లూ చేతులూ తీసేసిన తర్వాత ఆ రోగులను చూసుకునే దిక్కు లేకుండా వెళ్లిపోయినవి ఉన్నాయి. అదే ఏడాది అక్టోబరులో కలరా చెలరేగి పదివేల మందికి దగ్గరగా ప్రాణాలు తీసింది. నేపాల్ నుంచి వచ్చిన ఐక్యరాజ్యసమితి శాంతిసైనికుల స్థావరం నుంచి ఆ క్రిమి నదిలో కలిసిందని పరిశోధనలు తేల్చాయి; తన పాత్ర ఉందని సమితి 2016లో అంగీకరించింది. సాయానికి వచ్చినవాళ్ల వెంటే రోగం వచ్చిందన్న నిజం ఈ రంగాన్ని కుదిపేసింది.

హైతీ తర్వాత 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర వైద్య బృందాలకు కొలమానాలు పెట్టింది. మొదటి రకం స్థిర బృందం రోజుకు కనీసం వందమంది ఔట్ పేషెంట్లను చూడగలగాలి. సంచార బృందమైతే 50 మందిని. రెండో రకానికి 20 పడకలు, రోజుకు ఏడు పెద్ద ఆపరేషన్లు చేసే శక్తి ఉండాలి. మూడో రకానికి 40 పడకలతో పాటు ఐసీయూ. ఎవరైనా తమ తిండి, నీళ్లు, కరెంటు, చెత్త తామే చూసుకోవాలి, ఆ దేశ ఆరోగ్య శాఖ చెప్పిన చోటే గుడారం వేయాలి. 2014 నుంచి 2016 దాకా పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా 28 వేలమందికి పైగా సోకి 11 వేలకు పైగా ప్రాణాలు తీసినప్పుడు మరో నియమం అందరికీ పరిచయమైంది. తిరిగొచ్చిన ప్రతి ఒక్కరూ 21 రోజులపాటు రోజూ జ్వరం చూసుకోవాలి.

భారతదేశం ఇప్పుడు ఈ సాయాన్ని పంపే దేశం కూడా. 2023 ఫిబ్రవరి 6న తుర్కియే భూకంపం తర్వాత ‘ఆపరేషన్ దోస్త్’ కింద ఆగ్రాలోని 60 పారా ఫీల్డ్ హాస్పిటల్‌కు చెందిన 99 మంది సిబ్బంది ఇస్కెండెరున్‌లో 30 పడకల ఆసుపత్రి నడిపారు. ఈ దళమే 1950లో కొరియా యుద్ధానికి వెళ్లింది. 2025 మార్చిలో మయన్మార్ భూకంపానికి మన సైనిక వైద్యులు మాండలేలో ఆసుపత్రి నెలకొల్పారు.

మోహరింపు ముగింపు ఒక విమానం టికెట్టుతో తేలదు. ఎపిడెమియాలజిస్టు ఆరు వారాలకు, సర్జన్ అంతకన్నా ముందే వెనక్కి రావచ్చు. దీర్ఘకాల ప్రాజెక్టులో చేరినవాళ్లు తొమ్మిది నెలలు, ఏడాది ఉంటారు. తిరిగొచ్చిన మనిషికి ఆరోగ్య పరీక్ష చేయించి, మానసిక నిపుణుడితో మాట్లాడిస్తారు. నిద్ర పట్టకపోవడం, ఇంట్లో మామూలు మాటలకే విసుగు రావడం ఈ వృత్తిలో తెలిసిన బాధలే. దానికన్నా పెద్ద ప్రశ్న వెనక మిగిలిన రోగులది. క్షయ చికిత్స సాధారణంగా ఆరు నెలలు. మధ్యలో బృందం మారినా రోగి మందు ఆగకూడదు.

ఈ బాధ్యతను చివరికి మోయవలసింది ప్రభుత్వ వ్యవస్థే, ఛత్తీస్‌గఢ్‌లో దానికి మంచి పునాది ఉంది. 2002లో మొదలైన మితానిన్ పథకం, ఊరి మహిళలనే ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేసింది; దేశమంతటా 2005లో వచ్చిన ఆశా పథకానికి ఇది దారి చూపింది. 2020 జనవరిలో ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమం మొదలైనప్పుడు ఇంటింటికీ తిరిగి, జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ పరీక్ష చేసింది ఈ మహిళలూ ఇతర ఆరోగ్య సిబ్బందీ. పాజిటివ్ వచ్చినవాళ్లలో సగానికి పైగా మందికి ఆ సమయంలో ఏ లక్షణమూ లేదు. జ్వరంతో శిబిరానికి నడిచొచ్చిన వాళ్లకే మందిస్తూ కూర్చుంటే ఆ సగం ఎప్పటికీ అందదు. ఊరూరా మనిషి ఉంటేనే అది సాధ్యం.

ఈ పనిలోకి రావాలనుకునే నర్సులకూ డాక్టర్లకూ సంస్థలు సాధారణంగా చదువు ముగిశాక కనీసం రెండేళ్ల అనుభవం అడుగుతాయి. ఇంగ్లిష్ తప్పనిసరి, ఫ్రెంచి గానీ అరబిక్ గానీ వస్తే అవకాశాలు పెరుగుతాయి. ఉష్ణమండల వ్యాధులు, ప్రసూతి, పిల్లల వైద్యంలో చేతిపట్టు ఉన్నవాళ్లను ముందు పిలుస్తారు. ఎంఎస్‌ఎఫ్‌కు ఢిల్లీలో కార్యాలయం ఉంది. అది దేశంలోని ప్రాజెక్టులకూ, విదేశాలకూ భారతీయులను తీసుకుంటుంది. ఏటా వానాకాలం జ్వరాల మధ్య, రెండు మూడు భాషల్లో రోగితో మాట్లాడుతూ దంతేవాడ, బీజాపూర్, భద్రాచలం ఆసుపత్రుల్లో పనిచేసిన నర్సుకు, ఆ సంస్థలు శిక్షణ తరగతుల్లో నేర్పించాలని చూసే అనుభవం చాలావరకు అప్పటికే ఉంటుంది.