గర్భిణికి క్లోమంలో గడ్డ: భర్త వచ్చేదాకా ఆగొద్దు

శుక్రవారం బలద్‌లో ఏ ఇద్దరు తెలుగువాళ్లు కలిసినా ముందు ఇంటి ముచ్చటే. భార్య నెల తప్పిందని తెలిస్తే రూములో అందరికీ మిఠాయి పంచుతాం. కానీ స్కానింగ్ చేసిన డాక్టరు ‘బిడ్డ బాగుంది, తల్లికి మాత్రం క్లోమంలో గడ్డ ఉంది’ అంటే? సుమారు 4,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న మనిషికి కాళ్లూ చేతులూ ఆడవు. ఇంట్లో పెద్దవాళ్లు ‘అబ్బాయి వచ్చాకే ఏదైనా’ అంటారు. ఈ జబ్బులో పెద్ద ముప్పు అక్కడే ఉంది.

ఏమిటీ గడ్డ?

క్లోమం, అంటే పాంక్రియాస్, పొట్ట వెనకాల ఉండే గ్రంథి. అన్నం అరగడానికి రసాలు, షుగర్‌ను అదుపులో ఉంచే ఇన్సులిన్ ఇచ్చేది ఇదే. ఇందులో వచ్చే నీటి గడ్డలు అన్నీ ఒకటి కావు. క్లోమం వాచిన తరువాత నీరు చేరి ఏర్పడేది ఒక రకం. అది కణితి కాదు. లోపల పలుచటి నీరుండే ‘సీరస్’ గడ్డ దాదాపుగా క్యాన్సర్ కాదు. జిగురు నిండి ఉండే ‘మ్యూసినస్’ గడ్డను మాత్రం జాగ్రత్తగా చూడాలి. ఇది దాదాపు ఎప్పుడూ ఆడవాళ్లకే, ఎక్కువగా క్లోమం నడుమ, తోక భాగాల్లో వస్తుంది. ఆడవాళ్ల హార్మోన్లకు స్పందించే కణజాలం ఇందులో ఉంటుంది కాబట్టి గర్భంతో ఉన్నప్పుడు త్వరగా పెరగవచ్చు. కొన్నిసార్లు పగలవచ్చు, కొన్నిటిలో క్యాన్సర్ దాగి ఉండవచ్చు. చిన్న వయసు ఆడవాళ్లకు వచ్చే మరో రకం కణితి కూడా ఉంది. పూర్తిగా తీసేస్తే అది చాలామందికి నయమవుతుంది.

ఏ పరీక్షలు?

గర్భిణికి అల్ట్రాసౌండ్, ఆ తరువాత రంగు మందు ఎక్కించకుండా తీసే ఎమ్మారై ఇబ్బంది లేనివి. సీటీ స్కాన్‌లో ఎక్స్ కిరణాలు ఉంటాయి కనుక తప్పనిసరైతేనే తీస్తారు. మ్యూసినస్ గడ్డని అనుమానం ఉన్నప్పుడు సూదితో నీరు తీసి పంపేయడం వైద్యం కాదు. గడ్డ మళ్లీ నిండుతుంది.

ఏ నెలలో ఏం చేస్తారు?

గడ్డ ఉందనగానే గర్భం తీయించుకోవాలన్న మాట నిజం కాదు. గడ్డ చిన్నదై, నొప్పి లేక, లోపల గట్టి భాగం కనిపించకపోతే కొన్ని వారాలకోసారి స్కానింగ్ చేస్తూ కాన్పు అయ్యేదాకా ఆగుతారు. మామూలుగా 4 సెంటీమీటర్లు దాటిన మ్యూసినస్ గడ్డను తీసేయమనే వైద్యులు చెబుతారు. గర్భంలో అయితే గడ్డ పెరిగే వేగం, నొప్పి, క్యాన్సర్ అనుమానం కూడా చూస్తారు.

ఆపరేషన్ తప్పనిసరైతే నాలుగు నుంచి ఆరో నెల వరకు అనువైన సమయం. మొదటి మూడు నెలల్లో గర్భం నిలవదన్న భయం, చివరి నెలల్లో పెరిగిన గర్భసంచి అడ్డం, నెలలు నిండకుండానే కాన్పు వచ్చే ప్రమాదం ఉంటాయి. అందుకే ఐదో నెలలో గడ్డ బయటపడితే ‘రెండు నెలల్లో సెలవు దొరుకుతుంది, వచ్చాక చూద్దాం’ అంటే ఆ అదను దాటిపోతుంది.

తోక భాగం తీసేటప్పుడు ఒక్కోసారి ప్లీహం కూడా తీయాల్సి వస్తుంది. అలాంటప్పుడు ఇన్ఫెక్షన్లు రాకుండా టీకాలు తప్పనిసరి. తరువాత షుగర్ కూడా చూపించుకుంటూ ఉండాలి. తీసిన గడ్డ పరీక్షలో క్యాన్సర్ లేదని తేలితే, మ్యూసినస్ రకం మళ్లీ రాదనే చెప్పాలి.

ఫోన్‌లో అడగండి

గడ్డ ఏ రకమని అనుమానం? ఎన్ని సెంటీమీటర్లు? ఇప్పుడు ఎన్నో వారం? మళ్లీ స్కానింగ్ ఎప్పుడు? రిపోర్టులు వాట్సాప్‌లో తెప్పించి దగ్గర ఉంచుకోండి. పైపొట్టలో మొదలై వీపుకు పాకే తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, జ్వరం, కళ్లు పచ్చబడటం, రక్తస్రావం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కు ఫోన్ చేయమనండి.

ఈ కేసుకు ప్రసూతి డాక్టరు ఒక్కరే చాలరు. క్లోమం ఆపరేషన్లు చేసే సర్జన్, పుట్టిన బిడ్డను చూసే డాక్టరు కూడా ఉండాలి. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, తిరుపతిలో స్విమ్స్‌లో గ్యాస్ట్రో సర్జరీ విభాగాలున్నాయి.

డబ్బు, సెలవు

మీ కంపెనీ ఇన్సూరెన్స్ ఊళ్లో ఉన్న భార్యకు పనిచేయదు. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. వడ్డీకి అప్పు తెచ్చే ముందు, ఆస్పత్రిలోని పథకం కౌంటర్‌లో ఈ ఆపరేషన్ వర్తిస్తుందా అని అడిగించండి.

2021 మార్చి 14న అమల్లోకి వచ్చిన మార్పులతో కంపెనీ కార్మికులు అబ్షిర్‌లో సొంతంగా ఎగ్జిట్ రీ ఎంట్రీకి దరఖాస్తు చేసుకోవచ్చు. ఇంటి డ్రైవర్లు, ఇంటి పనివాళ్లు, తోటమాలులు, గొర్రెల కాపరులకు ఇది వర్తించదు. సెలవు మాత్రం కంపెనీతో మాట్లాడి కాగితం మీద తీసుకోండి.

సెలవు దొరకలేదా? వైద్యం ఆపకండి. మేజరైన మీ భార్య తన ఆపరేషన్‌కు తానే సంతకం చేయవచ్చు. అమ్మకు, అత్తకు ఈ రోజే ఫోన్ చేసి ‘నా కోసం చూడొద్దు, డాక్టరు చెప్పిన రోజుకు తీసుకెళ్లండి’ అని గట్టిగా చెప్పండి.