అనుమానం పుట్టే చోటు, పెరిగే చోటు

"ఎక్కడున్నావ్? లైవ్ లొకేషన్ పెట్టు." రాత్రి తొమ్మిదింటికి హైదరాబాద్ మాదాపూర్‌లో ఆఫీసు దిగి క్యాబ్ ఎక్కే అమ్మాయికి ఈ మెసేజ్ ఆదుర్దాతోనూ రావచ్చు, పహారాగానూ రావచ్చు. ఏదన్నది ఆమె పెట్టనన్నప్పుడే తెలుస్తుంది. "సరే, చేరాక ఫోన్ చెయ్" అంటే చింత లేదు. వీడియో కాల్ చేసి పక్క సీట్లో ఎవరున్నారో చూపించమంటే, చూపించకపోతే ఇంటికొచ్చాక గొడవైతే, అది కాపలా.

ఇద్దరూ చదువుకున్నవాళ్లే, ఇద్దరికీ జీతాలున్నాయి. మరి ఈ కాపలా ఎందుకు? పరిణామ మనోవిజ్ఞానం దీనికొక జవాబు చెబుతుంది. కడుపున మోసి కన్న తల్లికి బిడ్డ తనదేనన్న సందేహం ఉండదు. ఆ నిశ్చయం తండ్రికి లేదు, కాపలా బుద్ధి అక్కడే పుట్టిందని ఆ వాదన. బిడ్డను కని పెంచడంలో ఎవరు ఎంత వెచ్చిస్తారన్న దాన్నిబట్టి ఆడ, మగ జీవుల ప్రవర్తన మారుతుందని జీవశాస్త్రవేత్త రాబర్ట్ ట్రివర్స్ 1972లో రాశారు. మార్గో విల్సన్, మార్టిన్ డేలీ అనే పరిశోధక దంపతులు భార్యాభర్తల హత్య కేసులను ఏళ్ల తరబడి పరిశీలించారు. వాటిలో పదేపదే కనిపించిన కారణం, భార్య తన సొత్తన్న మగవాడి భావన. ఆమె మరొకరి వైపు చూస్తుందన్న అనుమానం, తనను వదిలిపోతుందన్న భయం దానికి రెండు ముఖాలు. మనోవిజ్ఞాన పరిశోధకుడు డేవిడ్ బస్ మరో సంగతి చూపించారు. తోడును నిలుపుకోవడానికి మనుషులు చేసే పనులు కన్నేసి ఉంచడంతో మొదలై కొట్టడం దాకా వెళ్తాయి. ఫోన్ చూడటం ఆ దారిలో తొలి మెట్లలో ఒకటి. అందుకే దాన్ని చిన్న విషయమని కొట్టిపారేయకూడదు.

"అయితే ఇది మగవాడి రక్తంలోనే ఉందన్నమాట" అని ఎవరైనా అనవచ్చు. ఈ శాస్త్రాన్ని ఎక్కువగా పాడుచేసే మాట ఇదే. ఒక స్వభావం ఎలా పుట్టిందో చెప్పినంత మాత్రాన దాన్ని సమర్థించినట్టు కాదు. ఈ సిద్ధాంతాల మీద గట్టి విమర్శలూ ఉన్నాయి. స్త్రీపురుషుల తేడాలు చాలావరకు సమాజం వాళ్లకు అప్పగించిన పనుల నుంచి వచ్చాయని మనోవిజ్ఞాన పరిశోధకులు ఆలిస్ ఈగ్లీ, వెండీ వుడ్ వాదించారు. మన దేశవ్యాప్త కుటుంబ ఆరోగ్య సర్వేలే చూడండి. భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పిన స్త్రీలు 2015-16లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 43 శాతం దరిదాపుల్లో ఉన్నారు. 2019-21 నాటికి ఆ సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 30కి, తెలంగాణలో దాదాపు 37కి దిగింది. బయటికి చెప్పుకోనివాళ్లు ఇంకెందరో ఉంటారు, ఆ మాట మరవకూడదు. కానీ అయిదేళ్లలో ఎవరి రక్తమూ మారదు. మారేవి పరిస్థితులు.

ఏ పరిస్థితులు? నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించే సమాధానం జంతు ప్రవర్తన పరిశోధకురాలు బార్బరా స్మట్స్ 1992లో రాసిన వ్యాసంలో ఉంది. ఆమె కోతులనూ తోకలేని వానరాలనూ మనుషులతో పోల్చి చూశారు. ఇథియోపియాలోని హమద్రియాస్ బబూన్లలో మగది తన గుంపు నుంచి పక్కకు తప్పుకున్న ఆడదాని మెడ కొరికి వెనక్కి తెస్తుంది. అక్కడి ఆడవాటికి ఆదుకునే జట్టు లేదు. బొనోబో వానరాల్లో ఆడవి కలిసికట్టుగా ఉంటాయి. అక్కడ మగదాని జులుం సాగదు. మనుషుల్లోనూ అంతేనంటారు స్మట్స్. పుట్టింటి అండ, తోటి స్త్రీల జట్టు బలహీనపడిన చోట, డబ్బు మగవాడి గుప్పిట్లో ఉన్న చోట, మగవాళ్లు ఒకరికొకరు కొమ్ముకాసే చోట బలవంతం పెరుగుతుంది.

ఇప్పుడు మాదాపూర్ ఫ్లాట్లను తలుచుకోండి. అమ్మాయి పుట్టిల్లు కరీంనగర్‌లోనో గుంటూరులోనో ఉంటుంది. అయ్యప్ప సొసైటీ హాస్టల్లో కలిసి ఉన్న స్నేహితురాళ్లు పెళ్లయ్యాక తలో దిక్కుకి వెళ్లిపోయారు. ఎదురు ఫ్లాట్‌లో ఎవరుంటారో తెలియదు. జీతం పడుతుంది గానీ బ్యాంకు ఓటీపీలు వెళ్లేది భర్త ఫోన్‌కి. ఉద్యోగం తెచ్చే స్వేచ్ఛను ఈ ఒంటరితనం తినేస్తుంది. "ఆ ఫ్రెండ్‌తో మాట్లాడకు", "మీ అమ్మకు అన్నీ ఎందుకు చెప్తావ్" అన్న మాటలు ఆ ఒంటరితనాన్ని ఒక్కో మనిషి చొప్పున పెంచుతాయి. అడగకుండానే పరుగెత్తుకొచ్చే మనుషులను ముందు దూరం చేశాక, చెయ్యి లేపడం తేలికవుతుంది.

పల్లెలో చుట్టాల మధ్య ఉంటే సుఖమని నేను అనడం లేదు. ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనని 2019-21 సర్వేలో తెలంగాణ స్త్రీలలో 83.8 శాతం మంది అన్నారు. "సర్దుకుపో తల్లీ" అని మెట్టినింటికి తిప్పి పంపే పుట్టిల్లు అండ కాదు. చుట్టూ మనుషులుంటే చాలదు, వాళ్లు ఆమె పక్షాన నిలబడాలి.

భర్తల మీద నిఘా పెట్టే భార్యలూ ఉన్నారు, ఆ బాధ నిజమే. ప్రాణభయం, గాయాలు మాత్రం ఎక్కువగా స్త్రీల వంతే.

విల్సన్, డేలీ చూపించిన మరో నిజం ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి. విడిపోయిన తర్వాత, విడిపోబోయే సమయంలో స్త్రీకి ప్రాణాపాయం పెరుగుతుంది. కాబట్టి "వెళ్లిపోతా" అని గొడవ మధ్యలో చెప్పేయడం కన్నా ముందు ఇద్దరు ముగ్గురికి చెప్పి, చోటు చూసుకుని, కాగితాలు చేతికి తెచ్చుకుని కదలడం మేలు. తెలంగాణలో 181 హెల్ప్‌లైన్, సఖి కేంద్రాలు, హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం ఇందుకు తోడొస్తాయి. 2005 గృహహింస చట్టం దెబ్బలనే కాదు, తిట్లనూ, జీతం లాక్కోవడాన్నీ హింసగానే లెక్కిస్తుంది. పెళ్లి కాకుండా పెళ్లిలాంటి బంధంలో ఉన్నవాళ్లకూ అది వర్తిస్తుంది. దరఖాస్తు కోర్టుకు అందిన మూడు రోజుల్లో మొదటి విచారణ జరపాలన్నది సాధారణ నియమం.

అదే చట్టంలోని నాలుగో సెక్షన్ ప్రకారం బాధితురాలే రావాల్సిన పని లేదు. హింస జరుగుతోందని నమ్మడానికి కారణమున్న ఎవరైనా, పక్క ఫ్లాట్ వాళ్లో ఆఫీసు టీమ్‌లోని స్నేహితురాలో, రక్షణాధికారికి చెప్పవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఏదీ పడదు.