రైల్వే కార్మికులు – ఆలస్యంగా బయటపడే వ్యాధులు

సికింద్రాబాదు నుండి ద్రోణాచలం పోయే రైలుమార్గం వనపర్తి రోడ్డు, గద్వాల స్టేషన్ల మీదుగా సాగుతున్నది. దేశం నలుమూలలా మట్టిపనికి, రాతిపనికి వలసపోయిన పాలమూరు కూలీలలో నాగర్‌కర్నూలు ప్రాంతంవారు కూడా ఉన్నారు. కనుక రైల్వే పనివల్ల కలిగే వ్యాధులు మన విద్యార్థులలో కొందరికి ఇంటి సంగతే.

పట్టాలమీద జరిగే ప్రమాదం అందరికీ కనిపిస్తుంది. ఊపిరితో లోపలికి పోయేది కనిపించదు. ఆవిరి ఇంజన్ల కాలంలో వేడి వృథా కాకుండా బాయిలరుకు ఆస్‌బెస్టాస్, అనగా రాతినార, కప్పేవారు. మరమ్మతు సమయంలో దానిని ఊడదీస్తే కంటికి ఆననంత సన్నని పోగులు లేచేవి. ఊపిరితిత్తులలో చేరిన ఆ పోగులు కరగవు. ఊపిరితిత్తుల క్యాన్సరుకు, వాటి పైపొరకు వచ్చే మెసోథీలియోమా అనే అరుదైన క్యాన్సరుకు అవి కారణమవుతాయి. పోగులు పీల్చిన నాటికి, మెసోథీలియోమా బయటపడే నాటికి నడుమ సాధారణంగా 20 నుండి 40 సంవత్సరాలు గడుస్తాయి. యౌవనంలో లోకోషెడ్డులో చేరినవాడు పింఛను పుచ్చుకునే వయస్సులో రోగి అవుతాడు. అప్పుడు వైద్యుడు బీడీ సంగతి అడుగుతాడు గాని, షెడ్డు సంగతి అడగడం అరుదు. బీడీ నిర్దోషి అని నా అభిప్రాయం కాదు. పొగత్రాగేవారికి రాతినార మరింత ప్రమాదకరం.

డీజిలు ఇంజన్ల పొగ మరొకటి. అమెరికాలో సుమారు 55 వేలమంది రైల్వే ఉద్యోగుల మరణాలను 1959 నుండి 1996 వరకు పరిశీలించారు. రైళ్ళమీద డీజిలు పొగ మధ్య పనిచేసినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు మరణాలు 40 శాతం అధికంగా కనిపించాయి. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం ఈ పొగను నిశ్చిత క్యాన్సరు కారకాలలో చేర్చింది. విద్యుత్తు ఇంజన్లు వచ్చినంత మాత్రాన, వెనుకటి సంవత్సరాలలో పీల్చిన పొగ లెక్క చెరిగిపోదు.

పట్టాలక్రింద పరిచే కంకరను కొట్టేటప్పుడు, దించేటప్పుడు సిలికా ధూళి లేస్తుంది. దానివల్ల వచ్చే సిలికోసిస్‌ను చాలచోట్ల క్షయగా పొరబడతారు. ఈ ధూళి క్షయకు దోహదం చేస్తుంది, క్యాన్సరునూ కలిగిస్తుంది.

1923 నాటి నష్టపరిహార చట్టపు పట్టికలో సిలికోసిస్, ఆస్‌బెస్టోసిస్ వృత్తివ్యాధులుగా ఉండేవి. రాతినార పరిశ్రమలు కార్మికుల ఆరోగ్య వివరాలను ఉద్యోగారంభం నుండి 40 సంవత్సరాలు, లేదా విరమణానంతరం 15 సంవత్సరాలు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించింది. రైల్వే ఉద్యోగికి సర్వీసు రిజిస్టరైనా ఉంటుంది. గుత్తేదారు క్రింద కంకర మోసిన కూలీకి తరచు ఏ కాగితమూ ఉండదు. తండ్రిగాని, తాతగాని ఏ సంవత్సరాలలో, ఏ షెడ్డులో, ఏ గ్యాంగులో పనిచేశారో అడిగి ఒక కాగితంమీద వ్రాయడం విద్యార్థి చేయగల పని. దగ్గు తగ్గక ఆసుపత్రికి వెళ్ళే రోజున మందుల చీటీలతోపాటు ఆ కాగితాన్ని కూడా వైద్యునికి చూపాలి.