తేదీ లేని వార్త

2008 సెప్టెంబరు 8న అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ మాతృసంస్థ షేరు పన్నెండు డాలర్ల దగ్గర నుంచి కొద్ది నిమిషాల్లోనే మూడు డాలర్లకు పడిపోయింది. ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసిందన్న కథనమే కారణం. అది అబద్ధం కాదు, ఆరేళ్ల నాటి మాట. 2002 డిసెంబరులో చికాగో ట్రిబ్యూన్ ప్రచురించిన ఆ కథనం, అదే గ్రూపుకు చెందిన ఫ్లోరిడా పత్రిక వెబ్‌సైట్లో తేదీ లేకుండా మిగిలిపోయింది. గూగుల్ న్యూస్ రోబో దాన్ని కొత్తదనుకుంది. పెట్టుబడి సమాచారం అందించే ఒక సంస్థ ద్వారా అది బ్లూంబర్గ్ తెరల మీదికి ఎక్కింది. నాస్‌డాక్ ట్రేడింగు ఆపేసింది. నిజం తెలిశాక షేరు చాలావరకు కోలుకుంది గానీ, ఆ కాసేపట్లో భయపడి అమ్ముకున్నవాళ్ల నష్టం నిజమైన నష్టమే.

ఏఐ అసిస్టెంట్‌ను వ్యాపార వార్తల సర్వీసుతో కలపడం అనగానే అందరూ ‘తాజా సమాచారం’ అంటారు. నా దృష్టిలో తాజాదనం రెండో విషయం. ముందు కావలసింది, ప్రతి అంకె వెంటా అది పుట్టిన తేదీ, పుట్టిన చోటు ఉండటం. అసిస్టెంట్ వెనక ఉండే లాంగ్వేజ్ మోడల్ లెక్కలేనన్ని పేజీలు చదివి తయారవుతుంది. ఒక తేదీ దగ్గర ఆ చదువు ఆగిపోతుంది. చదివింది కూడా పేజీలుగా మిగలదు, ఏ పదం తర్వాత ఏ పదం రావచ్చో తేల్చే అంకెలుగా మారిపోతుంది. రోట్లో నూరిన పచ్చడిలో ఏ మిరపకాయ ఏ తోటదో చెప్పలేం కదా! అలాగే, తాను చెప్పిన లాభం ఏ ఏడాది నివేదికలోదో మోడల్ నమ్మకంగా చెప్పలేదు. గట్టిగా అడిగితే ఏదో ఒక ఏడాది చెబుతుంది, అదీ ధీమాగా. నాకు భయం వేసేది ఆ ధీమా చూసే.

సర్వీసుతో కలిపితే దారి మారుతుంది. ‘ఫలానా కంపెనీకి మూడో త్రైమాసికంలో ఎంత లాభం వచ్చింది?’ అని అడిగితే మోడల్ వెంటనే జవాబు చెప్పదు. ఏ కంపెనీ, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది రాసి ఒక అభ్యర్థన తయారు చేస్తుంది. అది సర్వీసుకు చేరి, చందా ఉందని తేలితే రికార్డులు తిరిగొస్తాయి. శీర్షిక, వార్త, ప్రచురించిన సమయం, పంపిన సంస్థ, కంపెనీ కోడు, ఒక్కోటి ఒక్కో గడిలో ఉంటాయి. ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి ఉమ్మడి పద్ధతిగా ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను అందరికీ విడుదల చేసింది. దాంతో వంతెన కట్టడం తేలికైంది. కష్టమంతా గడులను సరిగ్గా చదవడంలోనే. మన కంపెనీలకు మూడో త్రైమాసికం అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. జనవరితో లెక్క మొదలుపెట్టే అమెరికా కంపెనీకి జులై నుంచి సెప్టెంబరు. సమయం ప్రపంచ ప్రామాణిక సమయం (యూటీసీ) ప్రకారం ఉంటే, 6వ తేదీ రాత్రి 11.30 అని వచ్చిన వార్త హైదరాబాదులో 7వ తేదీ తెల్లవారుజామున 5 గంటలది. పేర్లదీ ఇదే చిక్కు. సత్యం కంప్యూటర్స్ 2009లో మహీంద్రా సత్యం అయింది, 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. పేరు పట్టుకుని వెతికితే ఒకే కంపెనీ చరిత్ర మూడు ముక్కలవుతుంది.

ఇంత అవస్థ ఎందుకు, ఇంటర్నెట్లో వెతకమంటే చాలదా అని అడగవచ్చు. చాలా ప్రశ్నలకు చాలు. కానీ 2008లో పొరబడిందీ వెతికే రోబోనే. వెబ్ పేజీ మీద రాసిన తేదీ, మార్చిన తేదీ, పైన వేసే నేటి తేదీ అన్నీ కలగలిసి ఉంటాయి, ఏది అసలుదో యంత్రం ఊహించుకోవాలి. సర్వీసు రికార్డులో మాత్రం తేదీ అంటే పంపినవాళ్లు బాధ్యతతో వేసిన ముద్ర. అలాగని సర్వీసు ఉన్నంత మాత్రాన సరిపోదు. రికార్డు దొరకనప్పుడు ‘దొరకలేదు’ అని చెప్పేలా అసిస్టెంట్‌ను కట్టడి చేయాలి. లేకపోతే ఆ ఖాళీలో తన జ్ఞాపకంలోని అంకె పెడుతుంది, చదివేవాళ్లకు రెండూ ఒకేలా కనిపిస్తాయి.

దీనికంటే బలమైన అభ్యంతరం ఇంకొకటుంది: మూలమే అబద్ధమైతే? సత్యం కంప్యూటర్స్ విషయంలో జరిగింది అదే. 2008 సెప్టెంబరు 30 నాటికి నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలని పుస్తకాలు చూపాయి. వాటిలో 5,040 కోట్లు లేనే లేవని 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లేఖలో ఒప్పుకున్నారు. తేదీ, సంస్థ పేరు, కోడు అన్నీ సరిగ్గా ఉన్న ఆ అంకెను ఏ అసిస్టెంటైనా నిజమనే చెప్పి ఉండేది. కాబట్టి ఈ వంతెన సత్యాన్ని మోసుకొస్తుందని నేను అనను. కానీ ముద్ర ఉన్న తప్పును వెనక్కి వెళ్లి పట్టుకోవచ్చు. జవాబులతో పాటు వాటి ఆధారాలనూ దాచి ఉంచితే, అలాంటి లేఖ వచ్చిన రోజున ఆ 5,361 కోట్ల మీద నిలబడిన ప్రతి జవాబునూ వెతికి తీసి, పక్కన ఆ లేఖను పెట్టవచ్చు.