బొమ్మ ఎందుకు ఆగి ఆగి ఆడుతోంది?

పోయిన ఏడాది ఫేర్‌వెల్ రోజు సెమినార్ హాల్లో జరిగింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా సీనియర్ అన్న ఒకాయన కృష్ణుడి వేషం వేసిన పద్యనాటకం సీను, 14 నిమిషాల వీడియో, తెర మీద పడింది. అన్న రాగం తీస్తున్నాడు. గొంతు చక్కగా వినిపిస్తోంది. బొమ్మలో కృష్ణుడు మాత్రం చెయ్యి పైకెత్తి, నోరు మూసుకుని అలాగే నిలబడిపోయాడు. రెండు సెకన్ల తర్వాత ఒక్క గెంతు గెంతి ఇంకో భంగిమలో ఆగిపోయాడు. హాలంతా ఈలలు, నవ్వులు.

నవ్వనిది ముందు వరసలో కూర్చున్న అన్న వాళ్ల నాన్నగారు. ఆయన ఒకప్పుడు ఊళ్లో పద్యనాటకాలు ఆడినాయన. కొడుకు స్టేజీ ఎక్కిన రోజు రాలేకపోయారు. ఈ వీడియో చూద్దామనే అంత దూరం నుంచి వచ్చారు. మేం పెన్‌డ్రైవ్ పీకి మళ్లీ పెట్టి, కేబుల్ ఊపి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి నానా తంటాలు పడుతుంటే ఆయన బస్సు టైమైపోయింది. "పర్లేదు బాబూ, గొంతు విన్నాను కదా" అని లేచి వెళ్లిపోయారు.

ఎడిటింగ్ చేసింది నేనే. "నా లాప్‌టాప్‌లో బాగానే ఆడిందిరా" అని ఆ రోజు కనీసం పదిమందికి చెప్పి ఉంటాను. ఆ మాట ఎందుకు పనికిరాదో అర్థమవడానికి నాకు ఇంకో వారం పట్టింది. మీకు అంత టైమ్ పట్టకూడదని ఇదంతా రాస్తున్నాను.

ఆడలేక మద్దెల ఓడు

ఆ రోజు తలా ఒక రోగం పేరు చెప్పారు. పెన్‌డ్రైవ్ స్లో అని ఒకడు, ప్రొజెక్టర్ కేబుల్ అని ఒకడు, ప్లేయర్ మార్చమని ఒకడు, కోడెక్ ప్యాక్ వెయ్యమని ఇంకొకడు. ఒక మహానుభావుడు ఫైలు పేరు చివర ఎంకేవీ తీసేసి ఎంపీ4 అని రాశాడు. పేరు మారింది, లోపల సరుకు మారలేదు. ఎంకేవీ, ఎంపీ4 అనేవి డబ్బాలు మాత్రమే. వాటి లోపల ఉన్న వీడియో ఏ పద్ధతిలో కుదించారు అన్నదే కోడెక్. డబ్బా మీద స్టిక్కర్ మారిస్తే పచ్చడి రుచి మారదు కదా.

ఇన్ని మందులు వేసిన మేం చెయ్యని పని ఒకటే ఉంది. బొమ్మ ఎక్కడ ఆగుతోందో చూడలేదు.

ఒక ఫ్రేము తెర మీదకి వచ్చే దారి

పెళ్లి భోజనాల బంతి గుర్తు తెచ్చుకోండి. సరుకులు కొట్టులోంచి వంటశాలకి రావాలి, అక్కడ వండాలి, వడ్డించేవాళ్లు విస్తరి దాకా తేవాలి. అన్నం ఉడకకపోతే వడ్డించేవాళ్లని పదిమందిని పెంచినా లాభం లేదు. వీడియో కూడా అంతే. డిస్కు నుంచో నెట్ నుంచో డేటా రావాలి. ప్లేయర్ డబ్బా విప్పి వీడియోని, ఆడియోని వేరు చెయ్యాలి. డీకోడర్ ఆ కుదించిన డేటాలోంచి అసలు బొమ్మని మళ్లీ కట్టాలి. దాన్ని తెర సైజుకి సరిచేసి చూపించాలి.

వీటన్నిటికీ గడువు ఉంది. సెకనుకి 30 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేముకి సుమారు 33 మిల్లీసెకన్లు, 60 అయితే 16.7 మిల్లీసెకన్లు. డీకోడర్ ఆ వేగం అందుకోలేకపోతే ప్లేయర్ ఏం చేస్తుందంటే, ధ్వనిని ఆపకుండా నడిపించి, ఆలస్యమైన ఫ్రేముల్ని వదిలేస్తుంది. వదిలేసిన ఫ్రేములు ఎక్కువైతే కృష్ణుడు శిలావిగ్రహం అయిపోతాడు.

అసలు ఇంత కుదించడం ఎందుకంటారా? లెక్క వేద్దాం. 1920×1080 సైజులో, సెకనుకి 30 ఫ్రేములతో, వీడియోల్లో మామూలుగా వాడే 4:2:0 రంగుల పద్ధతిలో 8 బిట్‌లో, కుదించని వీడియో సెకనుకి 93 ఎంబీ తింటుంది. పది నిమిషాలకి 56 జీబీ. అదే వీడియో 8 మెగాబిట్ల వేగంతో కుదిస్తే సెకనుకి 1 ఎంబీ. అంటే 93 వంతుల్లో ఒక్క వంతు మాత్రమే ఫైల్లో ఉంటుంది. మిగతాదంతా డీకోడర్ లెక్కలు కట్టి తిరిగి నిర్మించుకోవాలి.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. "ఫైలు చిన్నదే కదా, ఎందుకు ఆగుతోంది?" అంటారు. చిన్న ఫైలంటే తేలికైన ఫైలని కాదు. 2003లో వచ్చిన హెచ్.264 కంటే 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీ, అంటే హెచ్.265, అదే నాణ్యతని దాదాపు సగం బిట్‌రేట్‌లో ఇవ్వగలదు. కానీ విప్పడానికి లెక్కలు ఎక్కువ. ఆ లెక్కల కోసం వీడియో చిప్‌లో ప్రత్యేకమైన సర్క్యూట్ ఉంటే హాయిగా నడుస్తుంది. లేకపోతే ఆ బరువంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది.

లక్షణం చూసి రోగం పట్టండి

డాక్టర్ ముందు నాడి చూసినట్టు, మనం ముందు బొమ్మ ఎలా ఆగుతోందో చూడాలి.

ధ్వని బాగుండి బొమ్మ మాత్రమే ఆగుతుంటే, అనుమానం డీకోడర్ మీద.

బొమ్మ, ధ్వని రెండూ కలిసి ఆగి, కలిసి మొదలవుతుంటే, డేటా సరిగ్గా అందడం లేదు. పెన్‌డ్రైవ్ గానీ నెట్‌వర్క్ గానీ కారణం కావచ్చు. బఫర్ పెంచితే ఉపయోగం ఉండేది ఈ ఒక్క రకానికే.

మొదట బాగా ఆడి, ఐదారు నిమిషాల తర్వాత నత్తనడక పడితే, మిషన్ వేడెక్కి వేగం తగ్గించుకుంటోందేమో చూడండి. లాప్‌టాప్ ఛార్జర్ పెట్టకుండా బ్యాటరీ మీద నడుస్తున్నా ఇలా జరగొచ్చు.

పెదాలు ముందు, మాట తర్వాత, ఆ తేడా పోనుపోను పెరుగుతుంటే అది వేగం సమస్య కాదు. ఫోన్లు వెలుతురుని బట్టి ఫ్రేముల వేగం మార్చుకుంటూ రికార్డ్ చేస్తాయి. కొన్ని ఎడిటర్లు ఆ మార్పుని సరిగ్గా లెక్కలోకి తీసుకోవు. ఎడిటింగ్‌కి ముందే ఫుటేజీని స్థిరమైన ఫ్రేమ్‌రేట్‌కి మార్చుకోవాలి.

ముందుకీ వెనక్కీ జరిపినప్పుడే తడబడుతుంటే కీఫ్రేములు దూరదూరంగా ఉన్నాయని అర్థం. మధ్యలో ఫ్రేములు పక్క ఫ్రేముల మీద ఆధారపడతాయి కాబట్టి ప్లేయర్ దగ్గర్లోని కీఫ్రేము దాకా వెనక్కి వెళ్లి, అక్కడ్నుంచి విప్పుకుంటూ రావాలి. ఎక్స్264 ఎన్‌కోడర్ డీఫాల్ట్‌గా రెండు కీఫ్రేముల మధ్య 250 ఫ్రేముల దాకా వదులుతుంది. సెకనుకి 25 ఫ్రేముల వీడియోలో అది పది సెకన్ల దూరం.

పచ్చ మచ్చలు, ముక్కలైన బొమ్మ కనిపిస్తే ప్లేయర్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్ ఆపి చూడండి. బాగైపోతే డ్రైవర్ మీద అనుమానపడాలి. అప్పటికీ అలాగే ఉంటే ఫైలే పాడై ఉండొచ్చు.

ఊహించకండి, కొలవండి

కొలవడానికి డబ్బులేం అక్కర్లేదు. వీఎల్‌సీలో టూల్స్ మెనూలోంచి మీడియా ఇన్ఫర్మేషన్ తెరిస్తే కోడెక్ ఏంటో, ఎన్ని ఫ్రేములు పోయాయో కనిపిస్తాయి. ఎంపీవీ ప్లేయర్‌లో ఐ అక్షరం నొక్కితే అవే వివరాలు తెర మీదే వస్తాయి. యూట్యూబ్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి "స్టాట్స్ ఫర్ నెర్డ్స్" చూడండి. విండోస్ టాస్క్ మేనేజర్‌లో జీపీయూ పేజీలో "వీడియో డీకోడ్" అని ఒక గ్రాఫ్ ఉంటుంది. వీడియో ఆడుతున్నా అది సున్నా దగ్గరే ఉండి, ప్రాసెసర్ 100 శాతానికి చేరిందంటే హార్డ్‌వేర్ సాయం అందడం లేదన్నమాట.

అన్నిటికన్నా నాకు నచ్చిన పరీక్ష ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ది. అవుట్‌పుట్ ఫార్మాట్‌గా నల్ అని ఇస్తే అది తెర మీద ఏమీ చూపించదు, ఫైలూ రాయదు, వీడియోని ఎంత వేగంగా విప్పగలదో అంత వేగంగా విప్పుకుంటూ పోతుంది. పక్కన స్పీడ్ అని ఒక అంకె చూపిస్తుంది. అది 1 కంటే తక్కువైతే ఆ మిషన్ ప్రాసెసర్ ఒక్కటే ఆ వీడియోని సమయానికి విప్పలేదు. వాదన అక్కడితో అయిపోతుంది.

ఒక్కటి మాత్రం పాటించండి. ఒకసారికి ఒక్క మార్పే చెయ్యాలి. ఆ రోజు మేం ప్లేయర్, కేబుల్, పెన్‌డ్రైవ్ అన్నీ ఒకేసారి మార్చేశాం. అది బాగుపడి ఉన్నా, దేనివల్ల బాగుపడిందో తెలిసేది కాదు.

మా వీడియోకి పట్టిన రోగం

వారం తర్వాత ల్యాబ్ అసిస్టెంట్ సార్‌ని బతిమాలి ఆ హాల్ కంప్యూటర్ దగ్గర ఒక గంట కూర్చున్నాను. ముందు ఫైలుని పెన్‌డ్రైవ్‌లోంచి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి ఆడించాను. తేడా లేదు. పెన్‌డ్రైవ్ నిర్దోషి. తర్వాత నల్ పరీక్ష చేస్తే స్పీడ్ 0.5 దగ్గర తచ్చాడింది. సెకనుకి 60 ఫ్రేములు కావాల్సిన చోట 30 వండుతోంది.

కారణం నేనే. ఫోన్లో 4కె, 60 ఫ్రేములు, 10 బిట్ హెచ్‌ఈవీసీలో తీశాం. ఎడిట్ చేశాక అవే సెట్టింగ్స్‌తో ఎగుమతి చేశాను. 6.3 జీబీ ఫైలు. ఇంటెల్ చిప్‌లలో 10 బిట్ హెచ్‌ఈవీసీని పూర్తిగా విప్పే సర్క్యూట్ 7వ తరం నుంచే ఉంది. హాల్లో ఉన్నది 4వ తరం ఐ3. నా లాప్‌టాప్ కొత్తది కాబట్టి చీమ కుట్టినట్టు కూడా అనిపించలేదు.

అసలు కామెడీ వేరే ఉంది. హాల్ ప్రొజెక్టర్ 1024×768ది. అందులో మన వెడల్పాటి వీడియో 1024×576 పిక్సెళ్లలో కూర్చుంటుంది. 4కెలో ఉన్నవి 3840×2160. అంటే ఆ పాత ఐ3 చచ్చీ చెడీ విప్పిన ప్రతి 14 పిక్సెళ్లలో 13 పిక్సెళ్లకి సరిపడా పని వృథా. ఎవరూ చూడలేని వివరం కోసం, చూడాల్సిన బొమ్మని చంపేశాను.

మందు

ఎక్కడ ఆడుతుందో తెలియని వీడియోకి నేను ఇప్పుడు వాడేది ఇది: హెచ్.264 కోడెక్, 8 బిట్, 4:2:0 రంగులు, ఏఏసీ ఆడియో, ఎంపీ4 డబ్బా, 30 ఫ్రేములు. సైజు తెరని బట్టి 720 గానీ 1080 గానీ. నాణ్యతకి సీఆర్‌ఎఫ్ అనే అంకె ఉంటుంది. ఎక్స్264లో డీఫాల్ట్ 23. అంకె తగ్గితే నాణ్యత, ఫైలు సైజు రెండూ పెరుగుతాయి. చీకటి స్టేజీ సీన్లలో గోడల మీద చారలు కనిపిస్తాయి కాబట్టి నేను 20 పెడతాను. ఫోన్ ఫుటేజీ హెచ్‌డీఆర్ అయితే మామూలు రంగుల్లోకి సరిగ్గా మార్చాలి, లేకపోతే ముఖాలు పాలిపోతాయి. నెట్‌లో పెట్టే వీడియోకైతే ఫాస్ట్‌స్టార్ట్ ఆప్షన్ కూడా ఇవ్వండి. ఫైలు సూచిక చివర్లోంచి మొదట్లోకి వస్తుంది, మొత్తం దిగకముందే ఆట మొదలవుతుంది.

ఫెస్ట్ ముందు రాత్రి ఎగుమతి నాలుగు గంటలు చూపిస్తోందా? ప్రీసెట్ ఒకటి రెండు మెట్లు వేగం వైపు జరపండి. గ్రాఫిక్స్ కార్డ్ ఎన్‌కోడర్ వాడితే ఇంకా త్వరగా అవుతుంది. కాకపోతే అదే సైజులో నాణ్యత కొంచెం తగ్గొచ్చు, కాబట్టి బిట్‌రేట్ కాస్త పెంచాలి. మొత్తం వీడియో చెయ్యకముందు కష్టమైన 30 సెకన్లు, అంటే పొగ, రంగు కాగితాలు, మెరిసే లైట్లు ఉన్న ముక్క తీసి ప్రయత్నించండి. అది గట్టెక్కితే మిగతాది గట్టెక్కుతుంది. మొదలు, చివర కత్తిరించడమో డబ్బా మార్చడమో మాత్రమే అయితే మళ్లీ ఎన్‌కోడ్ చెయ్యొద్దు. స్ట్రీమ్ కాపీ చాలు. క్షణాల్లో అవుతుంది, నాణ్యత పోదు.

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదని కూడా గుర్తుంచుకోండి.

ఇలా మళ్లీ ఎగుమతి చేసిన మా 720 వీడియో 300 ఎంబీ చుట్టూ వచ్చింది. హాల్ కంప్యూటర్‌లో ఒక్క ఫ్రేము కూడా పోలేదు. అదే ఫైలు అన్న వాళ్ల నాన్నగారి ఫోన్‌కి పంపాం. వాట్సాప్ మళ్లీ నలిపెయ్యకుండా డాక్యుమెంట్‌గా. పాత ఫోనే, అయినా ఆడింది. ఆ రాత్రి అన్నకి ఫోన్ చేసి, "రెండో పద్యంలో మధ్యలో ఊపిరి తీశావురా, భుజాలు లేచాయి, కనబడింది" అన్నారట. తప్పు పట్టేంత స్పష్టంగా చూశారంటే నా ఎన్‌కోడింగ్ పాసైనట్టే.

ఈసారి ఫెస్ట్‌కి వీడియో చేసేవాళ్లకి ఒక్కటే మాట. ఎగుమతి బటన్ నొక్కేముందు ఇది ఏ మిషన్‌లో, ఏ తెర మీద ఆడుతుందో అడగండి. రెండు రోజుల ముందు హాల్ తాళాలు తీయించి, ఆ కంప్యూటర్‌లోనే, ఆ ప్రొజెక్టర్ మీదే, మొదట్నుంచి చివరిదాకా ఒకసారి ఆడించండి. "నా లాప్‌టాప్‌లో ఆడింది" అన్న మాట మాత్రం నా ముందు అనకండి.