మబ్బు లేని రాత్రి కురిసిన కప్పు

విశాఖపట్టణమునుండి ఒక పాఠకుడు వ్రాసిన లేఖ గతమాసమున మాకు అందినది. పెండ్లివారిని, తీర్థయాత్రికులను ఏండ్ల తరబడి మోసి తుదకు అమ్మకమునకు వచ్చిన యొక పాత ట్రావెలరు వ్యానును ఆయన కొని, సీట్లన్నియు ఊడదీయించి, ఇద్దరు పరుండదగిన మంచమును, గ్యాసుపొయ్యిని, నీళ్లటాంకును అమర్చించి, గోడలకును కప్పునకును ప్లైవుడ్డు కొట్టించి, దానికిని రేకునకును నడుమ గ్లాసువూలు కూరించి, డిసెంబరు మాసమున సతీసమేతుడై లంబసింగికి పోయెనట. ఆ రాత్రి ఆకాశము నిర్మలముగా నక్షత్రములతో నిండియున్నది. తెల్లవారుజామున మాత్రము కప్పునుండి దుప్పట్లమీద నీటిబొట్లు రాలినవి. తిరిగివచ్చి షెడ్డులో చూపగా మేస్త్రి టాపుమీది అతుకులన్నింటికిని సీలెంటు పూసినాడు. మరల పోయిరి, మరల కురిసినది. అయితే ఆ రెండవ ప్రయాణములో ఒక రాత్రి మబ్బు దట్టముగా క్రమ్మియుండగా ఒక్క బొట్టైనను రాలలేదట. చుక్కలు పొడిచిన రాత్రి కురిసి, మబ్బు పట్టిన రాత్రి కురియని ఈ కప్పు మర్మమేమని ఆయన ప్రశ్న. లేఖతోపాటు ఆయన పంపిన ఛాయాచిత్రములో బొట్లు ఎక్కడపడిన అక్కడ లేవు. ప్లైవుడ్డు బిగించిన మరమేకుల తలలనుండి, తీగకు గ్రుచ్చినట్లు వరుసలు తీరి వ్రేలాడుచున్నవి. ఆ చిత్రమును చూచిన పిమ్మట ఈ వ్యాసము వ్రాయకుండ నుండుట నాకు సాధ్యము కాలేదు.

వ్యానును సంచారగృహముగా మార్చుట నేడు పుట్టిన విద్య కాదు. జర్మనీలోని వెస్ట్‌ఫాలియా సంస్థ 1951 నుండియే ఫోక్స్‌వ్యాగన్ వ్యానులలో పడకలను, అలమరలను అమర్చి యిచ్చుచుండెను. మన దేశమున బజాజ్ టెంపోవారు 1987లో విడుదల చేసిన ట్రావెలరు, లోపల చోటు విశాలముగా నుండుటచే, ఈ పనికి అనువైన బండిగా పేరొందినది. మంచ మెక్కడ వేయవలె, బ్యాటరీ యెంతటిది పెట్టవలె నను సంగతులు వడ్రంగియు, ఎలక్ట్రీషియనును చక్కగా తేల్చగలరు గనుక వానిని వారికే విడిచెదను. కప్పు కురియుట మాత్రము అట్టిది కాదు. రెండువేల యేండ్లపాటు మహామహులను త్రోవ తప్పించిన ప్రశ్న అది.

ఆ నీరు ఎవరిదో ముందుగా తెలిసికొనవలెను. విశ్రమించియున్న మనుష్యుని ఊపిరినుండియు, చెమట యని గుర్తింపరాకుండ చర్మమునుండియు గంటకు సుమారు 40 గ్రాముల నీరు ఆవిరియై వెలువడుచుండును. ఇద్దరు ఎనిమిది గంటలు నిద్రించినచో అది 600 గ్రాములు దాటును. పొయ్యి వెలిగించి వండుకొన్నచో ఇంకను హెచ్చు. వంటగ్యాసులోని హైడ్రోజను గాలిలోని ఆక్సిజనుతో కూడి నీరగుటచే, ఒక కిలో గ్యాసు మండినప్పుడు కిలోన్నరకు పైగా నీటియావిరి పుట్టును. ఇక వ్యానులోని గాలి యెంత? పది ఘనమీటర్లనుకొందము. 20 డిగ్రీల వేడిమివద్ద ఘనమీటరు చోటులో 17 గ్రాములకు మించి ఆవిరి నిలువదు. 10 డిగ్రీలవద్ద 9.4 గ్రాములు, సున్నవద్ద 4.8 గ్రాములు మాత్రమే నిలుచును. సాయంకాలమున ఆ గాలిలో తేమ బొత్తిగా లేదనుకొన్నను, తెల్లవారులోపల అది ఇముడ్చుకొనగలది 170 గ్రాములు. తలుపులు, కిటికీలు బిగించియున్న బండిలో మిగిలిన నాలుగువందల పైచిలుకు గ్రాములు ఎచ్చటనో ఒకచోట నీరై వ్రాలక తప్పదు.

ఎచ్చట వ్రాలునో నిర్ణయించునది తుషారాంకము. అనగా, ఏ ఉష్ణోగ్రతకు చల్లబడినచో గాలిలోని ఆవిరి నీరుగా మారనారంభించునో అది. లోపల 18 డిగ్రీల వేడిమియు, నూటికి 80 పాళ్ల సాపేక్ష ఆర్ద్రతయు ఉన్నచో తుషారాంకము పదునాలుగున్నర డిగ్రీలు. అంతకంటె చల్లనైన ప్రతి వస్తువును ఆ గాలికి, వేసవిలో మంచుగడ్డలు వేసిన నీళ్లలోటా యెట్టిదో అట్టిది. బయట గాలి 8 డిగ్రీలున్నచో రేకును 8 డిగ్రీలే యుండునని తోచవచ్చును. ఉండదు, నిర్మలమైన రాత్రి బండి టాపు తన చుట్టునున్న గాలికంటె రెండు మూడు డిగ్రీలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు చల్లబడును. గాలికంటె చల్లబడుటకు ఆ చల్లదనము ఎక్కడినుండి వచ్చినది? ఈ వ్యాసమంతయు ఈ ఒక్క ప్రశ్న కొరకే.

రాత్రులందు గడ్డిమీద పట్టు మంచును గూర్చియు పూర్వులకు ఇట్టి ప్రశ్నయే ఎదురైనది. పగటివేళ పైకి పోయిన ఆవిరి రాత్రి చలికి నీరై నేలకు దిగునని అరిస్టాటిలు చెప్పెను. తరతరములవారు మంచు పైనుండి కురియునని నమ్మిరి. పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశీయుడైన ద్యుఫే నిలువు నిచ్చెనకు గాజుపలకలు కట్టి, క్రింది పలకలు ముందుగా తడియుట చూచి, మంచు నేలనుండి పైకి లేచుననెను. తడినిబట్టి చలి పుట్టుచున్నదని మరికొందరనిరి. ఇందరి వాదములను నిగ్గుదేల్చినవాడు విలియం చార్లెస్ వెల్స్ అను వైద్యుడు. అమెరికాలోని చార్లెస్టన్ పట్టణమున 1757లో జన్మించి, లండనులో వైద్యవృత్తి నవలంబించిన ఈయన, పగలెల్ల రోగులను చూచి, రాత్రులు నగరము వెలుపలి యొక తోటలో గడ్డిమీద ఉన్నికుచ్చులు పెట్టి, తెల్లవారకముందే వానిని తూచుచుండెను. ఒక్కొక్క కుచ్చు ఆంగ్లేయుల సన్నని తూనికలో సరిగా పది గ్రెయినులు. నాలుగు సన్నని కాళ్లపై నిలిపిన పలకమీద ఒక కుచ్చును, దాని అడుగున నొక కుచ్చును ఉంచగా, పైది ఒక రాత్రిలో 14 గ్రెయినుల తేమను గ్రహించినది, క్రిందిది నాలుగే. అయినచో మంచు పైనుండి పడుచున్నదనరాదా యని ఎవరైన అందురేమో యని, ఆయన రెండున్నర అడుగుల ఎత్తుగల మట్టిగొట్టమును, రెండు కొనలును తెరచి, నిలువుగా నిలిపి, దాని నడుమ నేలమీద నొక కుచ్చు నుంచెను. పైనుండి నిట్టనిలువుగా పడుదాని కక్కడ ఏ అడ్డమును లేదు. ఐనను వెలుపలి కుచ్చు 16 గ్రెయినులు గ్రహింపగా గొట్టములోనిది రెండే గ్రహించినది. ఆ కుచ్చునకు గొట్టము మాటుచేసినది ఆకాశమును! ఎంత విశాలమైన ఆకాశము వస్తువునకు ఎదురుగా నున్నదో అంతగా దానిమీద మంచు పట్టుచున్నది. గడ్డిలో నుంచిన ఉష్ణమాపకము, మంచు పట్టకమునుపే, గాలిలోని దానికంటె తక్కువ చూపుట ఆయన పలుమార్లు గమనించెను. చలి ముందు, తడి వెనుక. తడియే చలికి కారణమని వెల్స్ కూడ తొలుత తలచినవాడే. తన కొలతలే కాదనగా ఆ యభిప్రాయమును విడిచెను. 1814లో వెలువడిన ఆయన గ్రంథమునకు రాయల్ సొసైటీవారు రమ్‌ఫోర్డ్ పతకము నిచ్చి గౌరవించిరి. అంత చిన్న సాధనములతో, అంత తిరుగులేని తర్కముతో సాగిన పరిశోధనలు విజ్ఞానచరిత్రలో మిక్కిలి కొలదిగా నున్నవని నా నమ్మకము.

ఇందులో మన దేశపు ప్రసక్తియు గలదు. మంచుయంత్రములు పుట్టకముందు అలహాబాదు ప్రాంతమున శీతకాలపు రాత్రులందు, రెండడుగుల లోతు గుంటలలో ఎండిన చెరకుగడలో, మొక్కజొన్న దంటులో, గడ్డియో పరచి, వానిమీద పలుచని మట్టిమూకుళ్లు పెట్టి నీరు పోయగా, గాలి, నీరు గడ్డకట్టునంతటి చలికి దిగకున్నను, తెల్లవారునప్పటికి మూకుళ్లలో మంచుపెల్లలు తేలుచుండెను. సర్ రాబర్ట్ బార్కర్ అను ఆంగ్లేయుడు 1775లో వెలువడిన లేఖలో ఈ పద్ధతిని వర్ణించెను. మట్టిమూకుడునుండి నీరు ఇగిరిపోవుటచే చల్లదనము పుట్టుచున్నదని పండితులు తీర్మానించిరి. ఇగిరిపోవుటయే కారణమైనచో గాలి వీచిన రాత్రి మంచు మరింత కట్టవలెను గదా, గాలి నిలిచిన నిర్మలరాత్రులయందే కట్టుట ఎట్లు, అని వెల్స్ అడిగెను. మంచు కట్టువారు మూకుళ్ల క్రింది గడ్డిని పొడిగా నుంచుటకు పడిన శ్రద్ధయు ఆయన దృష్టిని దాటిపోలేదు. నేలలోని వేడిమి పైకి రాకుండ ఆ పొడిగడ్డి ఆపుచున్నది, పైనున్న నీరు తన వేడిమిని ఆకాశమునకు ధారపోయుచున్నది.

సకల వస్తువులును కంటికి కానరాని పరారుణ కిరణముల రూపమున వేడిమిని వెదజల్లుచునే యుండును. ఎదుటనున్న వస్తువులు తిరిగి పంపినంతకాలము లెక్క సరిపోవును. నిర్మలాకాశము తిరిగి పంపునది తక్కువ. అది నేలమీది గాలికంటె పది యిరువది డిగ్రీలు చల్లనైన పైకప్పువలె ప్రవర్తించును. బండి టాపునకు వేసిన రంగు, తెల్లనిదైనను సరే, ఈ కిరణములను వెదజల్లుటలో నల్లని మసికి తీసిపోదు. ఇక మబ్బు క్రమ్మినప్పుడు ఆ మబ్బే తన వేడిమిని క్రిందికి ప్రసరించి లెక్కను సరిచేయును. నేల చల్లబడదు, గాలి చల్లబడదు, రేకును చల్లబడదు. మన పాఠకుని కప్పు మబ్బురాత్రి పొడిగా నుండుటకును, చుక్కలరాత్రి 5 డిగ్రీలకు దిగి కురియుటకును కారణ మిదియే. మేస్త్రి సీలెంటులో దోషమేమియు లేదు. అతడు వెలుపలినుండి రాని నీటికి వెలుపల అడ్డుకట్ట వేసినాడు.

మరమేకుల వరుసల రహస్యమును ఇప్పుడు విప్పవచ్చును. ఉక్కు వేడిమిని ఎంత సులభముగా పోనిచ్చుననగా, ఒక్క మిల్లీమీటరు థర్మోకోలు అడ్డుకొనునంతటి వేడిమిని అడ్డుకొనుటకు మీటరుకు పైబడిన మందముగల ఉక్కుదిమ్మ కావలెను. టాపురేకునకు అతికియున్న ఉక్కురిబ్బులలోనికి మరమేకులు దిగియున్నవి గనుక, రేకు చల్లదనము రిబ్బుగుండ, మేకుగుండ గదిలోనికి నేరుగా వచ్చి, మేకుతల మీద తుషారాంకమునకు దిగువన కూర్చున్నది. అది కంటికి కనబడిన నీరు. కనబడని నీరు ఇంతకంటె భయంకరము. ప్లైవుడ్డు సందులగుండ పోయిన ఆవిరి గ్లాసువూలును దాటి చల్లని రేకును తాకి, అక్కడ నీరై, ఉన్నిలోనికి ఇంకును. గ్లాసువూలు బలమంతయు అందు చిక్కుకొన్న నిశ్చలవాయువు బలము. ఆ గాలి స్థానమును నీరాక్రమించినచో, నీరు గాలికంటె ఇరువది రెట్లకు పైగా వేడిమిని పోనిచ్చునది గావున, మంచు కట్టువారి తడిగడ్డివలె అది నిరుపయోగమగును. అంతటితో ఆగక రేకును లోపలినుండి త్రుప్పు తినును. వెలుపల రంగు పొంగి త్రుప్పు బయటపడునాటికి లోపల రేకు జల్లెడ యగును.

ఇంకొక భ్రమను గూర్చి చెప్పక తీరదు. వెండివలె మెరయు బబుల్‌ఫాయిల్ షీటును రేకునకు అంటించి, దానిమీద ప్లైవుడ్డు బిగించి, వేడిమినంతయు త్రిప్పికొట్టితిమని సంతసించువారు పలువురు. అల్యూమినియపు మెరుగు కిరణములను త్రిప్పికొట్టుట నిజమే. కాని దాని యెదుట ఖాళీ యుండవలెను. రేకునకును ప్లైవుడ్డునకును నడుమ ఇరికిన ఫాయిలునకు కిరణములతో పనియే లేదు, వేడిమి స్పర్శచేతనే దాటిపోవును. మిగులునది ఆ బుడగలలోని రెండు మూడు మిల్లీమీటర్ల గాలి మాత్రమే.

మరి చేయవలసినదేమి? ఏ.సి. గొట్టములకు చుట్టు నైట్రైలు రబ్బరు షీటువంటి, రంధ్రములు మూసికొనియున్న పదార్థమును 25 మిల్లీమీటర్ల మందమున, గాలి దూరు సందు లేకుండ, రేకునకు నేరుగా అంటింపవలెను, రిబ్బులను విడువరాదు. అప్పుడు రేకు 5 డిగ్రీలున్నను లోపలి తలము సుమారు 16 డిగ్రీలవద్ద నిలుచును. తుషారాంకము పదునాలుగున్నర గదా, నీరు పట్టదు. ఇది సగము చికిత్స. 600 గ్రాముల ఆవిరి బయటికి పోవు మార్గము రెండవ సగము. మంచుగాలిని రానిచ్చినచో తడి పెరుగునని కిటికీలు బిగించుకొందురు. ఇది సత్యమునకు పూర్తిగా విరుద్ధము. 8 డిగ్రీల గాలి, పొగమంచుతో సంతృప్తమై యున్నను, ఘనమీటరునకు 8 గ్రాముల ఆవిరినే మోయును. లోపలికి వచ్చి 18 డిగ్రీలకు వెచ్చబడగానే దాని ఆర్ద్రత నూటికి 55 పాళ్లకు పడిపోవును. లోపలి గాలిలో 12 గ్రాములున్నచో పోవు ప్రతి ఘనమీటరును నాలుగు గ్రాములను మోసికొని పోవును. గంటకు 80 గ్రాములు పోవలెనన్న 20 ఘనమీటర్లు, అనగా గంటకు రెండుసార్లు బండిలోని గాలి మారిన చాలును. ఎదురెదురుగా రెండు కిటికీలు వ్రేలెడంత తెరచిన ఈ పని జరుగును. పొయ్యి వెలుగుచుండగా కిటికీలు మూయుట తడి మాట అటుంచి ప్రాణాపాయము. గాలి చాలక మండు పొయ్యినుండి విషవాయువగు కార్బన్ మోనాక్సైడు పుట్టును, దానికి రంగు లేదు, వాసన లేదు.

వ్యాను సింగారములను గూర్చి చెప్పువారు దీపములను, తెరలను, మడత బల్లలను గూర్చి పుటలకొలది చెప్పి, ఈ సంగతిని ఒక్క వాక్యమున దాటవేయుట నాకు కష్టము కలిగించును. రంగువేసిన ప్లైవుడ్డు వెనుక త్రుప్పుపట్టు బండికి ఏ దీపము వెలుగైన నేమి?

చట్టమును గూర్చి ఒక మాట. మోటారు వాహనముల చట్టము, 1988లోని 52వ సెక్షను ప్రకారము, ఆర్.సి.లోని వివరములు ఉత్పత్తిదారుని నిర్దేశములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నియమమును దృఢపరచినది. కనుక సీట్లు ఊడదీయకముందే ఆర్టీవో కార్యాలయమున అడిగి తెలిసికొనుడు. విశాఖ పాఠకునకు నా విజ్ఞప్తి: ఈ వేసవిలోనే ప్లైవుడ్డును విప్పించి, తడిసిన గ్లాసువూలును పారవేయించి, రేకును గీకించి ప్రైమరు కొట్టించి, రబ్బరు షీటు అంటించిన పిమ్మటనే మరల మూయించుడు; ఆర్ద్రతామాపక మొకటి కొని మంచము తలవైపున వ్రేలాడదీసి, మబ్బులేని రాత్రి అది నూటికి 70 పాళ్లు దాటినప్పుడెల్ల కిటికీ మరికొంత తెరవుడు.