అత్తయ్యగారి రచ్చబండ: బెంటన్‌విల్ స్క్వేర్

మా అత్తయ్యగారు బెంటన్‌విల్ వచ్చిన మూడో వారంలో, పప్పులో పోపు వేస్తూ, వెనక్కి తిరక్కుండానే అన్నారు. "అబ్బాయికి నువ్వే చెప్పమ్మా. నా టికెట్టు కాస్త ముందుకు జరపమని."

ఆరు నెలల కోసం వచ్చిన మనిషి. మామయ్యగారు పోయి ఏడాదైంది, ఒక్కరే ఉన్నారని మేమే పట్టుబట్టి రప్పించాం. ఇంట్లో ఏ లోటూ లేదు. ఆవిడకంటూ గది ఉంది, టీవీలో తెలుగు ఛానెళ్ళున్నాయి, పూజకు పూలు కూడా దొరుకుతున్నాయి. కాని పొద్దున్న ఎనిమిదయ్యేసరికి మావారు ఆఫీసుకి, పిల్లలు స్కూలు బస్సుకి, నేను మేడ మీద గదిలో మీటింగులకి. ఆవిడ ముందుగది కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధిలోకి చూస్తూ కూర్చునేవారు. గరాజు తలుపులు లేస్తాయి, కారు బయటికొస్తుంది, తలుపులు దిగుతాయి. అంతే. "ఈ ఊళ్ళో మనుషులున్నారా, కార్లేనా?" అని ఒకరోజు మా పాపని అడిగారు.

నాకు ముందు కోపం వచ్చింది. ఇంత చేస్తున్నాం కదా అనిపించింది. తర్వాత గుర్తొచ్చింది, అమెరికా వచ్చిన కొత్తలో, పనిచేసే అనుమతి లేని హెచ్-4 వీసా మీద, అలాంటి కిటికీ దగ్గర నేనూ కూర్చున్నదాన్నేనని. ఆ శనివారం పొద్దున్నే ఆవిణ్ణి కారెక్కించుకుని స్క్వేర్‌కి తీసుకెళ్ళాను.

బెంటన్‌విల్‌లో ఉండే తెలుగువాళ్ళం "డౌన్‌టౌన్" అంటాం కాని, అది నిజానికి చిన్న పార్కు. మధ్యలో గడ్డి, చెట్లు, ఒక ఫౌంటెను, బల్లలు. నాలుగు వైపులా వీధులు, వాటి వెంట దుకాణాలు, హోటళ్ళు. ఒక పక్కన 1928లో కట్టిన బెంటన్ కౌంటీ కోర్టు. అటూ ఇటూ నడిచినా పది నిమిషాల్లో చుట్టి రావచ్చు. అమెరికా చిన్న ఊళ్ళలో కౌంటీ కేంద్రాలన్నిటికీ దాదాపు ఇదే పద్ధతి. కోర్టు పనికి, పన్ను కట్టడానికి పల్లెల నుంచి జనం బళ్ళు కట్టుకుని వచ్చేవారు. వచ్చినవాళ్ళు సరుకులు కొనుక్కునేవారు, వార్తలు చెప్పుకునేవారు. మన తాలూకా కచేరీ చుట్టూ బజారు పెరిగినట్టే.

ఈ ఊరు 1837లో కౌంటీ కేంద్రంగా మొదలైంది. ఆర్కన్సా రాష్ట్రం కావాలని వాదించిన మిస్సోరీ సెనెటర్ థామస్ హార్ట్ బెంటన్ పేరు పెట్టారు. అంతకు ముందు ఈ కొండలు ఓసేజ్ తెగవాళ్ళ వేట ప్రదేశం. ఆ తర్వాత కొద్ది కాలానికే, 1838-39 లలో, తమ నేల మీద నుంచి వెళ్ళగొట్టిన చెరోకీలను పడమటికి నడిపించిన దారుల్లో ఒకటి ఈ కౌంటీ గుండానే పోయింది. ఇప్పుడు మనం పిల్లల్ని తోపుడు బండిలో వేసుకుని తిరిగే ఈ చోటికి కూడా అలాంటి చరిత్ర ఉంది.

ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా శనివారాల్లో స్క్వేర్ చుట్టూ రైతుబజారు పెడతారు. ఆ రోజు అత్తయ్యగారు కారు దిగి, జనాన్ని చూసి, "అబ్బో, సంత!" అన్నారు. మూడు వారాల్లో ఆవిడ ముఖం అంత వెలగడం నేను చూడలేదు. పూలవాళ్ళు, తేనె అమ్మేవాళ్ళు, రొట్టెలవాళ్ళు దాటుకుంటూ ఒక బల్ల దగ్గర ఆగిపోయారు. కట్టలు కట్టిన పొడుగాటి అలసందకాయలు, లేత బెండకాయలు, కాకరకాయలు. అమ్ముతున్న పెద్దావిడ హ్మాంగ్ జాతి మనిషి. వియత్నాం యుద్ధం తర్వాత లావోస్ నుంచి శరణార్థులుగా అమెరికా చేరినవాళ్ళు వీళ్ళు. 2000 తర్వాత చాలా కుటుంబాలు కోళ్ళ పెంపకం కోసం ఈ ప్రాంతానికి వచ్చాయి. ఆవిడకి తెలుగు రాదు, ఈవిడకి హ్మాంగ్ రాదు, ఇద్దరికీ ఇంగ్లీషు అంతంత మాత్రం. అత్తయ్యగారు ఒక కాయ తుంచి చూపించి తల ఊపారు. ఆవిడ నవ్వి, ఇంకో నాలుగు కాయలు సంచిలో వేసింది. కొసరు అన్న మాట తెలియకపోయినా కొసరు వేసింది!

తర్వాత కాళ్ళు నొప్పులంటే ఫౌంటెను ఎదురుగా బల్ల మీద కూర్చోబెట్టాను. ఐదు నిమిషాలకి నేను లేవబోతే "ఉండు, కాసేపు" అన్నారు. పిల్లలు నీళ్ళ దగ్గర కేకలు పెడుతున్నారు. ఒక ముసలాయన కుక్కతో వచ్చి పక్క బల్ల మీద కూర్చుని మాకు "గుడ్ మార్నింగ్" చెప్పి తన పేపరు తను చదువుకున్నాడు. అరగంట గడిచింది. అప్పుడన్నారు అత్తయ్యగారు.

"మన ఊళ్ళో రచ్చబండ తెలుసుగా, వేపా రావీ కలిసిన చెట్టు కింద. నేను కాపురానికొచ్చి నలభై ఆరేళ్ళు. రోజుకి నాలుగుసార్లు దాని ముందు నుంచే నడిచాను. ఒక్కసారి కూడా దాని మీద కూర్చోలేదు."

నాకు తెలుసు ఆ రచ్చబండ. పెళ్ళయిన కొత్తలో నేనూ దాని ముందు నుంచి నడిచాను, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, తల దించుకుని, అడుగులు గబగబా వేస్తూ. అక్కడ కూర్చునేది మగవాళ్ళు. పేకాటలు, పంచాయితీలు, రాజకీయాలు, అన్నీ అక్కడే. ఆడవాళ్ళు మాట్లాడుకోవాలంటే నీళ్ళ కుళాయి, గుడి, ఎవరి ఇంటి అరుగు వాళ్ళకి. పని ఏదో ఒకటి చేతిలో ఉండాలి. ఊరికే కూర్చోవడానికి లేదు. వెనకటి నుంచీ అంతే అని మనం ఆ సంగతి గమనించను కూడా గమనించలేదు. అరవై ఐదేళ్ళ మనిషి జీవితంలో మొదటిసారి నలుగురి మధ్య, నడివీధిలో, ఏ పనీ లేకుండా కూర్చున్నారు. అదీ ఆర్కన్సాలో.

ఇక ఆ వారం నుంచి శనివారాలు మావే. ఒక్కోవారం ఒక్కో మూల చూశాం.

స్క్వేర్ పడమటి వైపు తెలుపూ ఎరుపూ గీతల పందిరి ఉన్న చిన్న కొట్టు కనిపిస్తుంది. "వాల్టన్స్ ఫైవ్ అండ్ టెన్". మనలో చాలామందిని ఈ ఊరికి లాక్కొచ్చిన వాల్‌మార్ట్‌కి మూలం అదే. ఇప్పుడది వాల్‌మార్ట్ మ్యూజియంలో భాగం, టికెట్టు లేదు. సామ్ వాల్టన్ ఆఫీసు గదినీ, వేటకుక్కల్ని వేసుకుని తిరిగిన 1979 నాటి ఫోర్డు ట్రక్కునీ ప్రజలు చూడడానికి దాచి ఉంచారు. అత్తయ్యగారు కొట్టు ముందు నిలబడి "ఇంతేనా? మన కొట్టంత ఉంది" అన్నారు. మామయ్యగారికి తెనాలిలో ఫ్యాన్సీ కొట్టు ఉండేది.

అప్పుడు ఆవిడకి కథ చెప్పాను. సామ్ వాల్టన్ మొదట ఇదే రాష్ట్రంలో న్యూపోర్టు అనే ఊళ్ళో 1945లో కొట్టు పెట్టాడు. మామగారి దగ్గర 20 వేల డాలర్లు అప్పు తీసుకున్నాడు. ఐదేళ్ళు కష్టపడి వ్యాపారం బాగా నిలబెట్టాడు. కాని అద్దె కాగితంలో గడువు పొడిగించుకునే షరతు రాయించుకోవడం మరిచిపోయాడు. గడువు అయ్యాక కొట్టు యజమాని తన కొడుక్కి కావాలని ఖాళీ చేయించాడు. ఆ దెబ్బతో 1950లో సుమారు 3 వేల జనం ఉన్న బెంటన్‌విల్‌కి వచ్చి, ఈ స్క్వేర్ మీద ఉన్న పాత కొట్టు కొన్నాడు. పెద్ద ఊరికి ఎందుకు పోలేదంటే, భార్య హెలెన్ మొదట్లోనే చెప్పేసింది, 10 వేల జనం దాటిన ఊళ్ళో తను కాపురం చెయ్యనని. మొదటి వాల్‌మార్ట్ 1962లో పక్కనే ఉన్న రోజర్స్‌లో తెరిచారు. మిగతాది మనకు తెలిసిందే. 2020 జనాభా లెక్కల నాటికి ఆ 3 వేల ఊరు 54 వేలు దాటింది.

భార్య మాట సంగతి విని నవ్వుతారనుకున్నాను. అత్తయ్యగారు నవ్వలేదు. "మీ మామయ్యగారికీ అంతే అయిందమ్మా" అన్నారు. "పదిహేనేళ్ళు నడిపిన కొట్టు. ఓనరు ఖాళీ చెయ్యమన్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదు ఆయన. ఇంకో ఊరు పోదామన్నారు. నేనే వద్దన్నాను, పిల్లల చదువులని. అప్పుడు సరేనని ఉంటే ఏమయ్యేదో." నాకు పెళ్ళయి పదిహేడేళ్ళు. ఈ సంగతి మావారికే తెలియదు. ఆయన పోయాక ఆయన గురించి ఆవిడ అంతసేపు మాట్లాడింది ఆ కొట్టు ముందే. పక్కన ఐస్‌క్రీమ్ కొనుక్కుని బల్ల దగ్గరికి వచ్చాం, అది కరిగిపోయేదాకా చెబుతూనే ఉన్నారు.

2020కి ముందు ఈ స్క్వేర్ చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, పార్కు మధ్యలో ఎత్తయిన దిమ్మ మీద ఒక సైనికుడి విగ్రహం ఉండేది. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి విడిపోయిన దక్షిణ రాష్ట్రాల తరఫున పోరాడిన సిపాయికి గుర్తుగా 1908లో పెట్టారు. అంతర్యుద్ధంలో పెద్ద పోరాటాల్లో ఒకటైన పీ రిడ్జ్ యుద్ధం 1862లో ఈ దగ్గర్లోనే జరిగింది. పక్క బల్ల మీద కూర్చున్న నల్లజాతి తల్లికి ఆ బొమ్మ ఏం చెబుతుందన్న ప్రశ్న దేశమంతా లేచినప్పుడు, ఇక్కడా వాదనలు జరిగాయి. 2020 సెప్టెంబరులో తీసేశారు. మా అబ్బాయి నానమ్మకి ఇదంతా వివరించాడు. ఆవిడ విని "మన ఊళ్ళో అయితే పొద్దున్నకల్లా ఆ దిమ్మ మీద ఇంకోటి పెట్టేవాళ్ళు" అన్నారు. ఆ తర్వాత కాసేపాగి, "కూర్చునే చోట ఎవరి బొమ్మా లేకపోతేనే హాయి" అన్నారు.

స్క్వేర్ నుంచి ఉత్తరంగా కొంచెం నడిస్తే కాంప్టన్ గార్డెన్స్. డాక్టర్ నీల్ కాంప్టన్ ఇల్లూ తోటా అది. ఈ ఊళ్ళో కాన్పులు చేసిన డాక్టరు ఆయన. బఫెలో నదికి ఆనకట్ట కట్టబోతే 1962లో ఓజార్క్ సొసైటీ పెట్టి, ఊరూరా తిరిగి ఆపించాడు. 1972లో అది దేశంలోనే మొదటి 'జాతీయ నది' అయింది. తోటలో అంతా ఈ నేలకి సహజమైన చెట్లే. ఏప్రిల్‌లో డాగ్‌వుడ్ పూస్తే చూసి తీరాలి.

ఆ తోట పక్క నుంచే చెట్ల మధ్యగా కాలిబాట క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియంకి వెళ్తుంది. సామ్, హెలెన్‌ల కూతురు ఆలిస్ వాల్టన్ 2011లో తెరిచిన అమెరికన్ చిత్రకళా సంగ్రహాలయం ఇది. భవనం రూపకర్త మోషే సఫ్డీ. లోయలో ఊట నీటి చెరువుల మీద వంతెనల్లా కట్టారు. మ్యూజియం సొంత సేకరణ చూడడానికి డబ్బు కట్టక్కర్లేదు. అత్తయ్యగారు ఎక్కువసేపు నిలబడింది నార్మన్ రాక్‌వెల్ 1943లో వేసిన 'రోసీ ద రివెటర్' ముందు. యుద్ధకాలంలో ఫ్యాక్టరీలో పనిచేసే ఆడమనిషి, మధ్యాహ్నం తిండి తింటూ ఉంటుంది, ఒళ్ళో రివెట్లు కొట్టే పెద్ద మిషను. "తినేటప్పుడు కూడా పని ఒళ్ళోనే పెట్టుకుంది, మనలాగే" అన్నారు.

మీ పెద్దవాళ్ళని తీసుకొస్తే నాలుగు మాటలు. ఏప్రిల్, మే, అక్టోబరు నెలలు బాగుంటాయి. జూలై ఎండా ఉక్కా మన కోస్తాకి తీసిపోవు, పొద్దున్నే వచ్చి వెళ్ళిపోండి. శనివారం స్క్వేర్ పక్కనే కారు నిలపడం కష్టం, రెండు వీధుల అవతల నిలిపి నడవండి. మ్యూజియం వైపు బాట చదునుగా వేసినదే కాని వాలు ఉంది, మోకాళ్ళ నొప్పులుంటే కారులోనే వెళ్ళండి. సెలవు రోజులూ వేళలూ ముందే చూసుకోండి. శీతాకాలంలో పార్కంతా దీపాలు పెడతారు, పిల్లలకి అది ఇష్టం. అన్నిటికంటే ముఖ్యం, హడావిడిగా అన్నీ చూపించెయ్యకండి. మంచి బల్ల చూసి కూర్చోబెట్టండి.

టికెట్టు ముందుకు జరపలేదు. అనుకున్న తేదీకే వెళ్ళారు. వెళ్ళే ముందు శనివారం హ్మాంగ్ పెద్దావిడకి మన కారప్పూస ఒక డబ్బా ఇచ్చి వచ్చారు.

పోయిన నెలలో ఫోను చేసినప్పుడు మామూలుగా అన్నట్టే అన్నారు. "నిన్న గుడి నుంచి వస్తూ రచ్చబండ మీద కూర్చున్నాను, కాసేపు."

"ఎవరూ ఏమనలేదా అత్తయ్యా?"

"రామారావు మావయ్య లేచి చోటిచ్చాడు. ఏమ్మా, ఒంట్లో బాలేదా అన్నాడు. మోకాళ్ళ నొప్పులని చెప్పాను."

"నిజంగా నొప్పులా?"

"లేవు. రేపు ఇంకేం చెప్పాలో చూసుకోవాలి" అని నవ్వారు.